పరీక్షలకి ముందే ఆ మాట చెప్పండి: పిల్లల్ని చదివిస్తున్న స్పాన్సర్లకి ఒక బహిరంగ లేఖ

పిల్లల్ని చదివిస్తున్న స్పాన్సర్లందరికీ, ఆ డబ్బు పిల్లల దాకా చేర్చే ట్రస్టుల వాళ్ళకీ నమస్కారమండి.

నేను మీలాంటి వాళ్ళ డబ్బుతోనే స్కూల్ చదువు పూర్తి చేశాను. ముఖం కూడా తెలీని ఒకాయన ఏడేళ్ళు నా ఫీజు కట్టారు, పుస్తకాలు కొనిచ్చారు, ఏడాదికి రెండు ఉత్తరాలు రాసేవారు. ఇప్పుడు సాయంత్రాలు స్కూల్ ఫైనల్ ఇయర్ పిల్లలకి లెక్కలూ సైన్సూ చెప్తున్నా, నా దగ్గరకొచ్చే వాళ్ళలో సగానికి పైగా ఎవరో ఒక స్పాన్సర్ సాయంతో చదువుతున్న వాళ్ళే. ఈ సంగతి నాకు రెండు వైపుల నుంచీ తెలుసు, ఆ చనువుతోనే రాస్తున్నా, ఎక్కడైనా మాట గట్టిగా పడితే పెద్ద మనసు చేసుకోండి.

అసలు విషయం ముందే చెప్పేస్తా. మీరు చదివిస్తున్న అమ్మాయి గానీ అబ్బాయి గానీ ఈ ఏడాది స్కూల్ ఆఖరి పరీక్షలు రాస్తుంటే, "మార్కులు ఎన్ని వచ్చినా నీ చదువు ఆగదు, నేనున్నా" అనే మాట పరీక్షలకి ముందే, కాగితం మీద రాసి, వాళ్ళ చేతికి అందేలా పంపండి. ఫలితాలు వచ్చాక చెప్తే లాభం లేదు, అప్పటికి ఆ భయం చెయ్యాల్సిన నష్టం చేసేసి ఉంటుంది.

ఇది కూడా చెప్పాలా, ఇన్నేళ్ళు కట్టినవాళ్ళం ఆఖర్లో వదిలేస్తామా అని మీకు అనిపించొచ్చు. పిల్లలకి ఆ సంగతి తెలీదండి. మీ మనసులో ఏముందో వాళ్ళకి తెలిసే దారే లేదు, వాళ్ళకి తెలిసిందల్లా ఏటా మార్కుల కాగితం మీ దగ్గరకి వెళ్తుంది, ఆ తర్వాత డబ్బు వస్తుంది, ఈ రెండే. ఆ రెండిటికీ మధ్య ముడి వాళ్ళే వేసేసుకుంటారు. దానికి తోడు ఇంట్లో వాళ్ళు, స్కూల్లో వాళ్ళు, ఒక్కోసారి ట్రస్టు వాళ్ళు కూడా "బాగా చదవకపోతే సార్ వాళ్ళు ఆపేస్తారు చూడు" అని రోజూ అంటూనే ఉంటారు, చదివించడానికి అంతకన్నా సులువైన బెదిరింపు ఇంకోటి లేదు కాబట్టి.

నా సంగతే చెప్తా. ఫైనల్ ఇయర్ మొదట్లో ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, మంచి ఉత్తరం, ఆప్యాయంగా రాశారు, చివర్లో ఒక వాక్యం ఉంది, "80 శాతం దాటావంటే కాలేజీ ఖర్చు కూడా నాదే" అని. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం ఆ రాత్రి నుంచి 80 అనే అంకె తప్ప ఇంకేం కనపడలేదు, దాటితే కాలేజీ దాటకపోతే లేదు అనేగా అర్థం అనుకున్నా, ఎవర్నీ అడగలేదు, అడిగితే ఆశపోతుననుకుంటారేమో అని భయం. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసేది, లేచి పుస్తకం తీసేదాన్ని, అదే పేజీ మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని, ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు, మూసేద్దామంటే తప్పు చేస్తున్నట్టు ఉండేది. లెక్కల పరీక్ష రోజు మొదటి ప్రశ్న నేను ఇంట్లో పదిసార్లు చేసిన మోడలే, దాన్ని మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి రాశా, చేతులు చల్లబడిపోయాయి, లెక్క చెయ్యాల్సింది పోయి మార్కుల లెక్క వేసుకుంటూ కూర్చున్నా, ఇది పోతే ఎంత వస్తుంది, అది కూడా పోతే ఎంత వస్తుంది అని. ఆఖరి రెండు ప్రశ్నలకి టైం సరిపోలేదు.

76 వచ్చింది. వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాత ఆయన ఉత్తరం వచ్చింది, ఏ కాలేజీలో చేరుతున్నావు, ఫీజు ఎప్పట్లోగా కట్టాలి అని, మార్కుల ఊసే లేదు అందులో. చాలా ఏళ్ళ తర్వాత ఆయన్ని కలిసినప్పుడు ఆ 80 గురించి అడిగా. ఆయనకి గుర్తే లేదు. కాసేపు ఆలోచించి "నిన్ను ఉత్సాహపరుద్దామని రాసుంటానమ్మా, నువ్వు అలా తీసుకుంటావనుకోలేదు" అన్నారు, ఆ తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆయన మీద నాకు గౌరవం తప్ప ఇంకేం లేదు, ఈ రోజు నేను ఇలా ఉన్నానంటే ఆయన వల్లే. కానీ ఆయన రాసి మర్చిపోయిన వాక్యాన్ని నేను ఏడాదంతా మోశాను, అది నిజం.

భయం ఉంటే ఇంకా బాగా చదువుతారు కదా అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకు బాగా కావాల్సిన వాళ్ళలో కూడా ఉన్నారు. కాస్త కంగారు మంచిదే, కాదనను. కానీ లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చిన అంకెల్ని, వాక్యం రాసేటప్పుడు దాని మొదలుని, కాసేపు పట్టి ఉంచే చోటు ఒకటి మనసులో ఉంటుంది, వర్కింగ్ మెమరీ అంటారు, అది చాలా చిన్నది. భయం వచ్చి అందులో కూర్చుంటే పాఠానికి చోటు మిగలదు. 2011లో జెరార్డో రమిరెజ్, సియాన్ బైలాక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు "సైన్స్" అనే పత్రికలో ఒక పరిశోధన వేశారు, పరీక్షకి ముందు పది నిమిషాలు తమ భయాల గురించే కాగితం మీద రాసుకున్న విద్యార్థులు, ముఖ్యంగా ఎప్పుడూ ఎక్కువ కంగారుపడే వాళ్ళు, రాయని వాళ్ళకన్నా బాగా చేశారు. తెలివి పెరగలేదు, పాఠం కొత్తగా ఏమీ నేర్చుకోలేదు, లోపల తిరుగుతున్న భయం కాగితం మీదకి దిగింది అంతే. 2013లో అదే పత్రికలో ఇంకొకటి వచ్చింది, తమిళనాడులో చెరకు రైతులకి కోతకి ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు ఒకసారి, కోత అయ్యి డబ్బు వచ్చాక ఒకసారి బుర్రకి పని చెప్పే పరీక్షలు పెడితే, అదే మనుషులు డబ్బులేని రోజుల్లో తక్కువ చేశారు. పెద్దవాళ్ళకే అలా ఉంటే, తన చదువు మొత్తం ఇంకొకరి మనసు మీద ఆధారపడి ఉందని తెలిసిన పదిహేనేళ్ళ పిల్ల సంగతి ఏంటో ఆలోచించండి.

ఆ పది నిమిషాల రాత నేను కూడా చేయిస్తా, మాక్ పరీక్షల ముందు. రాసి చింపేసుకోండి, ఎవరూ చూడరు అని చెప్తా. కొందరు చింపకుండా నా చేతిలో పెట్టి వెళ్తారు. సిలబస్ గురించి, కష్టమైన చాప్టర్ల గురించి ఉంటుందనుకునేదాన్ని మొదట్లో. ఎక్కువగా ఉండేది మీ గురించేనండి. ఫెయిలైతే మేడం గారికి నా ముఖం ఎలా చూపించను, అన్నయ్య చదువు మానేసి నాకు చాన్స్ ఇచ్చాడు, తక్కువొస్తే నా బదులు ఇంకో పిల్లకి ఇచ్చేస్తారా, ఇవే. ఒకబ్బాయి ఒకే ఒక్క వాక్యం రాశాడు, "వాళ్ళ డబ్బు వేస్ట్ అవుతుందేమో" అని. ఆ అబ్బాయి రెండు నెలలుగా మాక్ మార్కుల కాగితం ఇంట్లో చూపించట్లేదు, ట్రస్టుకి పంపట్లేదు, స్కూల్లో ఇంకా రాలేదని చెప్పి దాచేస్తున్నాడు, వాడికి ఫిజిక్స్‌లో రెండు చాప్టర్లు అస్సలు రావట్లేదని అందుకే ఎవరికీ తెలీలేదు. తెలిసుంటే రెండు వారాల పని. భయం వల్ల పిల్లలు కష్టపడతారో లేదో గానీ దాచడం మాత్రం నేర్చుకుంటారు.

ఇక్కడ ఒక మాట. అబద్ధం మాత్రం చెప్పొద్దు. మీ పరిస్థితి బాలేక స్కూల్ తర్వాత చదివించలేకపోతే అది తప్పేం కాదు, ఇంతవరకు చేసిందే చాలా పెద్దది. అదే రాయండి, "ఈ ఏడాది ఆఖరి దాకా, పరీక్ష ఒకవేళ మళ్ళీ రాయాల్సి వస్తే దానికి కూడా నాది పూచీ, ఆ తర్వాత నా వల్ల కాదు, కానీ దారి వెతకడానికి సాయం చేస్తా" అని. పిల్లలు నిజాన్ని తట్టుకుంటారు. తట్టుకోలేనిది ఏమవుతుందో తెలీకపోవడం. ఒకవేళ ట్రస్టు రూల్ ప్రకారం నిజంగానే ఇంత శాతం వస్తేనే కొనసాగింపు అని ఉంటే, అది దయచేసి ఆ రూల్ పెట్టిన వాళ్ళు మళ్ళీ ఒకసారి ఆలోచించండి, కనీసం మొదటిసారి తక్కువ వచ్చిన పిల్లకి ఇంకో అవకాశం ఉందని ఆ రూల్లోనే రాయండి.

ఉత్తరాల గురించి కూడా చెప్పాలి. స్పాన్సర్ పద్ధతిలో ఉత్తరం కొత్తగా వచ్చింది కాదు. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధంలో చెదిరిపోయిన పిల్లల కోసం జాన్ లాంగ్డన్-డేవిస్ అనే జర్నలిస్టు ఇంకొకరితో కలిసి ఒక పథకం మొదలుపెట్టారు, అదే తర్వాత ప్లాన్ ఇంటర్నేషనల్ అనే పిల్లల సంస్థ అయింది, ఒక పిల్లకీ ఒక దాతకీ మధ్య మనిషికీ మనిషికీ ఉండే బంధం ఉండాలన్నదే దాని ఆలోచన. చాలా మంచి ఆలోచన, నేను దాని వల్ల బాగుపడినదాన్నే, ఆయన ఉత్తరాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. కానీ మన పిల్లలు పంపే ఉత్తరాలు ఎలా తయారవుతాయో మీకు తెలీదు. మా క్లాసులో ఒకమ్మాయి పరీక్షలకి నెల ముందు ఒక ఆదివారం పొద్దున్నంతా కూర్చుని థ్యాంక్స్ లెటర్ రాసింది, చేతిరాత బాలేదని ఒకసారి, "కృతజ్ఞతలు" అన్న మాట తక్కువైందని ఇంకోసారి తిప్పి రాయించారు, నాలుగు గంటలు పోయాయి. ఆ ఉత్తరం అందుకున్న వాళ్ళు చూసి సంతోషించే ఉంటారు, వాళ్ళకేం తెలుసు పాపం. ఆ అమ్మాయి ఆ రోజు చదవాల్సింది ట్రిగనామెట్రీ.

కాబట్టి ఆఖరి నాలుగు నెలలు పిల్లల దగ్గర్నుంచి ఉత్తరాలు, వీడియోలు, ఫోటోలు, ప్రోగ్రెస్ రిపోర్టులు ఏవీ వద్దని మీరే ట్రస్టుకి ఒక ముక్క రాసేయండి. మీరు వద్దంటే ట్రస్టు వాళ్ళు కూడా ఊపిరి పీల్చుకుంటారు, నిజం చెప్తున్నా, వాళ్ళు అవి అడిగేది మీకు కావాలేమో అన్న అనుమానంతోనే. ఆ నెలల్లో స్పాన్సర్ల విజిట్ కూడా పెట్టుకోకండి, మీరొస్తున్నారంటే స్కూల్లో రెండు రోజులు ముందు నుంచీ హడావిడి, ఆ పిల్లలే స్వాగతం చెప్పాలి, ఆ పిల్లలే మాట్లాడాలి. ఉత్తరం మీరు రాయండి, జవాబు రాయక్కర్లేదు అని కూడా అందులోనే రాయండి. ఫోన్ చేస్తే మార్కులు అడక్కండి. ప్రిపరేషన్ ఎలా ఉంది అని కూడా అడక్కండి, దానికి "బాగుందండి" తప్ప ఇంకో జవాబు ఏ పిల్లా చెప్పదు. ఏ సబ్జెక్టులో ఎవరైనా పక్కన కూర్చుని చెప్తే బావుంటుంది అని అడగండి, దానికైతే నిజం చెప్తారు, ఎందుకంటే ఆ ప్రశ్నలో తప్పొప్పులు లేవు.

డబ్బు సంగతి. మీరు పంపే డబ్బు ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్నదే ఈ ఏడాది ముఖ్యం. ఫైనల్ పరీక్షకి రిజిస్ట్రేషన్ గడువు పరీక్షలకి చాలా నెలల ముందే ఉంటుంది, గడువు దాటితే ఫైన్, అదీ దాటితే ఏకంగా ఆ ఏడాదే పోతుంది, అందుకే పరీక్ష ఫీజు మిగతా వాటితో కలపకుండా విడిగా, ముందుగా పంపండి. స్కూల్ ఫీజు బాకీ ఉందని హాల్ టికెట్ ఆపేసిన చోట్లు నేను చూశా, పరీక్ష రేపు అనగా ఆఫీస్ రూమ్ బయట నిలబడ్డ పిల్లని చూశా, డబ్బు దారిలో ఉంది, స్పాన్సర్ పంపేశారు, బ్యాంకు నుంచి ట్రస్టుకి, ట్రస్టు నుంచి స్కూలుకి చేరడానికి రెండు వారాలు పట్టింది అంతే, తప్పు ఎవరిదీ కాదు, ఆ పిల్ల మాత్రం ఆ రోజంతా ఒక్క అక్షరం చదవలేదు. ట్రస్టుల వాళ్ళకి నా విన్నపం, మీరు ఆ పిల్లలకి కొంత ముందుగా కట్టేసి తర్వాత స్పాన్సర్ డబ్బుతో సర్దుకునే వీలు చూడండి. అలాగే రిజిస్ట్రేషన్ ఫారంలో పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి, సర్టిఫికెట్‌లో ఒకసారి తప్పు పడితే తర్వాత దాన్ని మార్పించుకోవడానికి తిరగలేక చదువే వదిలేసుకున్న వాళ్ళున్నారు.

మంచి మనసుతో చాలామంది ఈ టైంలో కొత్త గైడ్లు, లావుపాటి రిఫరెన్స్ పుస్తకాలు పంపుతారు. అవి చూస్తే పిల్లలకి ఇంకా భయం, ఇదంతా కూడా చదవాలా అని. పాత ప్రశ్నపత్రాలు, తెల్ల కాగితాలు, పెన్నులు పంపండి చాలు. ఇది నా సొంత అభిప్రాయం ఒక్కటే కాదు, 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఒకటుంది, ఒక పాఠాన్ని కొందరి చేత మళ్ళీ మళ్ళీ చదివించారు, కొందరి చేత ఒకసారి చదివించి తర్వాత చూడకుండా గుర్తున్నంత మూడుసార్లు రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివిన వాళ్ళే ముందున్నారు, వారం తర్వాత అడిగేసరికి తిరగబడింది, రాసిన వాళ్ళకి 61 శాతం గుర్తుంది, చదివిన వాళ్ళకి 40 శాతమే. పిల్లలు చదువుతుంటే చూడ్డానికి బావుంటుంది, తప్పుల తడకగా రాస్తుంటే మనకి కంగారేస్తుంది, కానీ గుర్తుండేది ఆ రాసిందే. నిద్ర కూడా అంతే, 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది, స్పాన్సర్ ఉన్న పిల్లలు పడుకోవడాన్ని కూడా మోసం కింద లెక్కేసుకుంటారు, నేను అలాగే లెక్కేసుకున్నా. మీ ఉత్తరంలో "రాత్రి త్వరగా పడుకో" అని ఒక్క ముక్క మీ చేత్తో రాస్తే, నేను పది సార్లు చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పరీక్ష అయిపోయిన రోజు నుంచి ఫలితాలు వచ్చేదాకా వారాలో నెలలో ఉంటుంది చూడండి, ఆ మధ్య కాలం. చాలా పథకాలు స్కూల్ చదువుతోనే ముగిసిపోతాయి, ఆఖరి పరీక్ష రాసిన రోజుతో ట్రస్టు రిజిస్టర్లో ఆ పేరు పక్కన "పూర్తయింది" అని పడుతుంది. హాస్టల్లో ఉన్నవాళ్ళు ఖాళీ చేసేస్తారు. ఇంటికెళ్ళిన పిల్లకి పని చూపిస్తారు, ఆడపిల్లలకైతే సంబంధాలు చూడ్డం కూడా అప్పుడే మొదలవుతుంది, ఫలితం మంచిగా వచ్చినా అప్పటికే ఆలస్యం. మా క్లాసులో చాలా బాగా చదివే ఇద్దర్ని నేను పోగొట్టుకున్నది పరీక్షల్లో కాదు, ఆ ఖాళీ వారాల్లోనే. ఆ రోజుల్లో నెలకొక ఫోన్, ఏదైనా కంప్యూటర్ క్లాసుకో భాష నేర్చుకునే క్లాసుకో ఫీజు, తర్వాత ఎక్కడ అప్లై చెయ్యాలో చెప్పే ఒక మనిషి, ఇవి ఉంటే ఇంట్లో వాళ్ళు కూడా ఆగుతారు, పిల్ల ఇంకా చదువులోనే ఉంది అనుకుంటారు.

మీ డబ్బుకి ఫలితం ఉంటుందా అన్న సందేహం ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. బ్రూస్ వైడిక్, పాల్ గ్లూ, లేన్ రట్లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు 2013లో అచ్చువేసిన పరిశోధనలో బొలీవియా, గ్వాటెమాలా, ఇండియా, కెన్యా, ఫిలిప్పీన్స్, ఉగాండా, ఈ ఆరు దేశాల్లో పది వేల మందికి పైగా వివరాలు తీసి చూశారు. స్పాన్సర్ ఉన్న పిల్లలు ఒక ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారు, హైస్కూల్ పూర్తిచేసే వాళ్ళ శాతం 12 నుంచి 18 పాయింట్లు పెరిగింది. ఆ తర్వాత వాళ్ళలో ఇద్దరు ఇంకొకరితో కలిసి ఇండోనేషియాలో పిల్లలు తమని తాము గీసుకున్న బొమ్మలు తీసుకుని చూస్తే, స్పాన్సర్ ఉన్న పిల్లల బొమ్మల్లో ఆశ ఎక్కువ కనపడింది. డబ్బుతో పాటు నన్ను ఒకరు నమ్ముతున్నారు అనేది కూడా పిల్లలకి చేరుతుంది అని నాకు దాన్నిబట్టి అర్థమైంది, అది చేరకుండా ఆఖరి ఏడాది మార్కులు అడ్డం పడుతున్నాయనే నా బాధంతా.

ఫెయిలైన పిల్లల గురించి చెప్పకుండా ముగించలేను. ఒక సబ్జెక్టు పోయిన పిల్లకి మళ్ళీ రాసే ఫీజు, రెండు మూడు నెలల ట్యూషన్, ఇంతే కావాల్సింది, ఇన్నేళ్ళు మీరు పెట్టిన దానిలో అది ఎంత చిన్నదో లెక్క వేసుకోండి. సరిగ్గా అక్కడే చాలామంది ఆగిపోతారు, స్పాన్సర్ వద్దన్నందుకు కాదు, అడగడానికి పిల్లకి ముఖం చెల్లక. వాళ్ళు అడగరు. మీరే అడగాలి.

ఉత్తరంలో ఏం రాయాలో తెలీట్లేదు అంటే ఇలా రాయండి, ఇంతకన్నా పెద్దది అవసరం లేదు: "నీ పరీక్షల సంగతి నాకు తెలుసు. మార్కులు ఎన్ని వచ్చినా వచ్చే ఏడాది నీ చదువుకి నేను సాయం చేస్తా. ఏదైనా సబ్జెక్టు పోతే మళ్ళీ రాద్దువుగాని, ఆ ఫీజు కూడా నాదే. ఈ ఉత్తరానికి జవాబు రాయక్కర్లేదు. రాత్రి త్వరగా పడుకో." కింద మీ పేరు మీ చేత్తో రాయండి. ఆ కాగితం పిల్లల చేతికే ఇవ్వమని ట్రస్టు వాళ్ళకి చెప్పండి, ఫైల్లో పెట్టుకోవద్దని చెప్పండి, వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చదివి వినిపించమనండి, ఎందుకంటే భయపెట్టేది వాళ్ళే, భయపడేది కూడా వాళ్ళే.

ఇంకా రిజిస్ట్రేషన్లు అవ్వని వాళ్ళకి టైం ఉంది, పరీక్షలు దగ్గరపడ్డ వాళ్ళకైతే ఈ వారమే పంపండి.

ఇట్లు,
ఒకప్పుడు స్పాన్సర్ పిల్లగా చదువుకుని, ఇప్పుడు సాయంత్రం క్లాసులు చెప్పుకుంటున్న ఒక టీచర్